నాలుగు వైపులా అరంగుళం

మా పెదనాన్న చేసేది గీసే పని. ఇళ్ళు, షాపులు, గోడౌన్లు, ఒకటి రెండు స్కూళ్ళు. కట్టేది వేరేవాళ్ళు, సంతకం పెట్టేది వేరేవాళ్ళు, గీసేది మాత్రం ఈయన. ప్రతి డ్రాయింగుకీ కింద కుడి మూల ఒక డబ్బా గీసి ఉంటుంది. అందులో మూడు గళ్ళు: గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు. ముప్పై నాలుగేళ్ళుగా మొదటి గడిలో ఈయన పొడి అక్షరాలు రెండు. మిగతా రెండు గళ్ళూ ఆఫీసు నడిపే ఇంజినీరు సారువి.

అయినా ఆఫీసున్న వీధిలో ఆయన్ని గీసేవాడిగా ఎరిగినవాళ్ళు తక్కువ. కోసేవాడిగానే ఎక్కువ. అంచులాయన అంటారు.

పెద్ద ప్రింటరులోంచి కాగితం మెల్లగా బయటికొస్తుంది. చంటిపిల్ల దుప్పటంత ఉంటుంది. దాన్ని బల్ల మీద పరిచి, అరచేత్తో ఒకసారి నిమిరి, స్టీలు స్కేలు పెట్టి, బ్లేడుతో ఒక్క లాగు లాగేవాడు. కాగితం తిప్పేవాడు. మళ్ళీ ఒక లాగు. నాలుగు వైపులా అరంగుళం. నాలుగు పట్టీలు బల్ల కిందున్న బుట్టలో పడేవి. రెండో లాగు అవసరమైన రోజు లేదు. ఆఫీసుకు ఎవరొచ్చినా మాట ఆపి ఆ కోత చూసేవాళ్ళు.

ఆ పట్టీలు ఇంటికొచ్చేవి. మా పెద్దమ్మ వాటి మీద సరుకుల చీటీ రాసేది. అరంగుళం వెడల్పు, మూడడుగుల పొడవు. సబ్బు, దాని కింద ఉప్పు, దాని కింద అగ్గిపెట్టెలు, అలా వేలాడేది ఆ చీటీ. కాలేజీ మానేసి నేను వాళ్ళింట్లో పడి తింటున్న రోజుల్లో కొట్టుకు వెళ్ళేది నేనే కాబట్టి, ఒకసారి చీటీ తిప్పి చూశాను. వెనక సన్నటి అక్షరాలు. ఇంగ్లీషులో ఒకటే మాట, రైలుపెట్టెల్లా వరసగా. తెలుగులో చెప్పాలంటే: విద్యార్థి ప్రతితో గీసినది. విద్యార్థి ప్రతితో గీసినది. విద్యార్థి ప్రతితో గీసినది.

అప్పటికి ఆయనకు యాభై ఏడేళ్ళు.

ఆయన పని నేర్చుకున్నప్పుడు కంప్యూటర్లు లేవు. పాలపొరలాంటి ట్రేసింగు కాగితం మీద ఇంకు పెన్నుతో గీసేవాళ్ళు. గీత తప్పితే కాగితం పారేయరు. బ్లేడు అంచుతో ఆ ఇంకు మీద గీకుతారు, మెల్లగా, కాగితం చిరగకుండా. ఇంకు పొడిలా లేస్తుంది. ఊదేస్తారు. గోరుతో రుద్ది నున్నగా చేసి దాని మీదే కొత్త గీత గీస్తారు. ఆ పనిలో ఉన్నవాళ్ళందరికీ అదే అలవాటు. కాగితం మీద ఉండకూడనిది కనిపిస్తే చెయ్యి బ్లేడు మీదికి పోతుంది. అది ఎందుకొచ్చింది, ఎవరు పెట్టారు అని అడగడం ఆ చదువులో లేదు.

పంతొమ్మిదేళ్ళ కిందట ఆఫీసుకు కంప్యూటరు వచ్చింది. బిగించినాయన్ని అందరూ స్క్రూలాయన అనేవాళ్ళు, చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగు స్క్రూలు గలగలలాడుతుండేవి. ‘అన్నీ వేసే ఇస్తున్నా సార్’ అని ఒక డిస్కు పెదనాన్న చేతిలో పెట్టాడు. అన్నీ అంటే గీసే ప్రోగ్రాము, రాసే ప్రోగ్రాము, వైరస్‌కు మందు, ఒక కారు రేసు ఆట. వాటిలో ఏదీ కొన్నది కాదు. కొనాలని అక్కడ ఎవరికీ తెలియదు. కుర్చీతో పాటు కుర్చీ కాళ్ళు వచ్చినట్టే కంప్యూటరుతో పాటు అవీ వస్తాయని అందరి లెక్క. డిస్కు పెట్టి, స్క్రూలాయన చెప్పినచోటల్లా నొక్కింది పెదనాన్నే. మధ్యలో చీమల బారులాంటి రాత ఒకటి తెర నిండా వచ్చింది. అడుగున ‘ఒప్పుకుంటున్నాను’ అని ఒక బొత్తాం.

“ఇదేంటి?” అని అడిగాడట.

“ఏం లేదు సార్, మర్యాదకి పెడతారు. నొక్కేయండి.”

నొక్కేశాడు.

ఐదేళ్ళు ఏ గొడవా లేదు. నలభై దగ్గరపడ్డాక మౌసు పట్టిన మనిషి, ఆ ఐదేళ్ళలో తనకంటూ ఒక సంచి తయారుచేసుకున్నాడు. తలుపులు, కిటికీలు, వంటగట్లు, కుండీలు, కార్లు, చెట్లు. ఒకసారి గీసి దాచిపెట్టుకుంటే కావలసినప్పుడు తీసి డ్రాయింగులో పడేయడమే. బ్లాకులంటారు వాటిని. మూడు వేల పైచిలుకు. చిన్న మరుగుదొడ్డి తలుపు ఒక్కటే పదకొండు రకాలుగా గీశాడు, గోడకు తగలకుండా ఏ పక్కకు తెరవాలో చూసుకుంటూ.

అప్పుడొక ఇల్లు కట్టుకునే ఆయన చుట్టుమెట్లు కావాలన్నాడు. ఆయన కూతురు ఎక్కడో కట్టడాల చదువు చదువుతోంది. ఆమె కాలేజీలో గీసిన చుట్టుమెట్లు చాలా బాగున్నాయని ఫైలు తెచ్చిచ్చాడు. నిజంగానే బాగున్నాయి. పెదనాన్న వాటిని తీసి తన డ్రాయింగులో పెట్టుకున్నాడు. బాగున్నాయి కదా అని తన సంచిలోనూ వేసుకున్నాడు.

ఆ ప్రోగ్రాము తయారుచేసే కంపెనీ చదువుకునేవాళ్ళకు ఉచితంగా ఒక ప్రతి ఇస్తుంది. దాంతో ఏం గీసినా ప్రింటులో నాలుగు అంచుల వెంటా ఆ రాత పడుతుంది. ఆ బొమ్మలోంచి ఒక ముక్క తీసి వేరే బొమ్మలో పెడితే దానికీ అంటుకుంటుంది. ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు ఆ ఆఫీసులో తెలిసినవాళ్ళు సున్నా. నెల తిరిగేసరికి తలుపు, కిటికీ, చెట్టు, ఉత్తరం దిక్కు చూపే బాణం గుర్తు, ఏది తీసి పెట్టినా నాలుగు పక్కలా విద్యార్థి ప్రతే.

స్క్రూలాయన్ని పిలిపించారు.

“ఏంటయ్యా ఈ రాత?” అన్నాడు సారు.

“వైరస్ సార్.”

“వైరస్ వచ్చి చదువు గురించి రాస్తుందా?”

“కొత్త రకం సార్. చదువుకున్న వైరస్.”

వైరస్ మందు నడిపించాడు. ఆ మందు కూడా డిస్కులో వచ్చిందే. పూట గడిచాక తెర మీద అంతా క్షేమం అని చూపించింది. ప్రింటు తీశారు. రాత అలాగే ఉంది.

“ప్రోగ్రాము తీసేసి మళ్ళీ వేయ్.”

“ఎన్నిసార్లు వేసినా ఇంతే సార్. రోగం ప్రోగ్రాములో లేదు, మీ బొమ్మల్లో ఉంది. అన్నీ మొదట్నుంచీ మళ్ళీ గీసుకోవాలి.”

“మూడు వేలు గీయాలా?” అన్నాడు పెదనాన్న. “పోనీ ఉండనీయండి సారూ. విద్యార్థి అనేగా రాసింది. నేను రోజూ నేర్చుకుంటూనే ఉన్నాగా.”

సారు నవ్వలేదు. మర్నాడు పదింటికి ఆమోదాల ఆఫీసులో డ్రాయింగులు ఇవ్వాలి. ఆ ఆఫీసు ముద్ర పడకుండా ఏ ఇంటికీ పునాది తవ్వరు. పెదనాన్న కాగితం వంక కొంతసేపు చూశాడు. తర్వాత బ్లేడు తీశాడు.

“ఆ కొస పట్టుకోండి సారూ, స్కేలు జారకుండా.”

సారు రెండు వేళ్ళతో నొక్కి పట్టుకున్నాడు. పట్టీ ఊడి కింద పడింది. సారు కాగితం ఎత్తి వెలుగులో చూశాడు.

“భలే చేశావోయ్! అసలేమీ లేనట్టే ఉంది.”

అదీ మొదటి కోత. ఆ తర్వాత పద్నాలుగేళ్ళు కోస్తూనే ఉన్నాడు.

విచిత్రం ఏంటంటే, ఆ షీట్లు నీటుగా ఉంటాయని పేరొచ్చింది. ఎదురు వరసలో ఇంకో డ్రాయింగు ఆఫీసు ఉంది. వాళ్ళ షీట్ల మీద ఏ రాతా లేదు. అయినా వాళ్ళూ కోయడం మొదలెట్టారు. ఇల్లు కట్టుకునేవాళ్ళు వచ్చి “మీరు అంచులు కోయించరా?” అని అడుగుతున్నారట. కోయకపోతే పని తెలియనివాళ్ళ కింద లెక్క.

ఈ ఏడు మొదట్లో పెదనాన్న ఆఫీసులో ఒక కొత్త ఇంజినీరమ్మాయి చేరింది. అదే నెలలో ఆమోదాల ఆఫీసు కాగితాలు తీసుకోవడం మానేసింది. కాగితం వద్దు, ఫొటో వద్దు, అసలు ఫైలే కంప్యూటరులో పంపండి అన్నారు. మొదట వెళ్ళింది ఒక డాక్టరు కట్టుకుంటున్న మూడంతస్తుల ఆసుపత్రి. తొమ్మిది షీట్లు. నాలుగో రోజున తిరిగొచ్చాయి. విద్యార్థి ప్రతితో చేసిన డ్రాయింగులు కట్టడాలకు చెల్లవు, ఇవి ఎవరు, ఏ ప్రోగ్రాముతో, ఎలా తయారుచేశారో పది రోజుల్లో రాసి సంతకంతో పంపాలి, లేకపోతే ఈ ఇంజినీరు దగ్గర్నుంచి వచ్చే ఫైళ్ళన్నీ ఆపేస్తాం అని దాని సారాంశం.

పెదనాన్న తెర ముందు చాలాసేపు కూర్చున్నాడట. ఆయన కుడిచెయ్యి బల్ల మీద స్కేలు దగ్గరే ఉంది. ఈ సంగతి నాకు ఇంజినీరమ్మాయి చెప్పింది.

“అంకుల్, ఇది వైరస్ కాదు,” అందట ఆమె. “మన ప్రోగ్రామే దొంగది. దాని మీద ఇంకొకరి చదువు ప్రతి అతికింది.”

“దొంగదేంటమ్మా? పంతొమ్మిదేళ్ళుగా ఇక్కడే ఉంది.”

“ఎన్నేళ్ళుంటే ఏంటి అంకుల్? కొన్నామా?”

“ఎవరిదగ్గర్నుంచి తెచ్చాం చెప్పు. ఎవరిదైనా పోయిందా? ఎవరైనా వచ్చి నాది కనబడట్లేదని అడిగారా?”

“సరే. మీరు ఒక ఇల్లు గీశారు. ఒకాయన డబ్బిచ్చి తీసుకున్నాడు. ఇంకొకడు దాన్ని జిరాక్స్ తీయించుకుని అడక్కుండా ఇల్లు కట్టేసుకున్నాడు. మీకెలా ఉంటుంది?”

ఇక్కడ ఆయన మొహం మారుతుందని ఆమె అనుకుంది.

“కట్టుకున్నారమ్మా,” అన్నాడు. “మన కాలవ పక్క ఇల్లు ఉంది చూడు, దాన్ని చూసి ఆరిళ్ళు కట్టారు. ఒకరోజు వెళ్ళి చూసొచ్చా.”

“చూసి?”

“మెట్లు తప్పు కట్టారు. ఒక్కో మెట్టూ అంగుళం ఎక్కువ ఎత్తు. ముసలివాళ్ళు ఎక్కలేరు. నన్నడిగుంటే చెప్పేవాణ్ణి.”



ఇక్కడ నా మాట ఒకటి చెప్పి పక్కకి తప్పుకుంటాను. ఆయన చేసింది దొంగతనమా అంటే దొంగతనమే. తెలియక చేసినా ఇంకొకరి పని ఉచితంగా వాడుకున్నట్టే. కానీ ఆ వీధిలో ఫొటో స్టూడియో ఆయన్ని, టైపు సెంటరు ఆవిణ్ణి, ట్యూషన్ మాస్టర్ని ఎవర్నైనా అడిగి చూడండి. “కంప్యూటరుతో పాటే వచ్చింది” అంటారు, నిజంగా నమ్మి అంటారు. అబద్ధం ఆడుతున్నవాణ్ణి నిలదీయొచ్చు. వీళ్ళని ఏం చేస్తాం?

సారు ఎనిమిది రోజులు తెలిసినవాళ్ళందరి చుట్టూ తిరిగాడు. స్క్రూలాయనకు ఫోను చేస్తే, ఆయన ఇప్పుడు వేరే వ్యాపారంలో ఉన్నాడని ఎవరో ఎత్తి చెప్పారు. తొమ్మిదో రోజు సారు పెదనాన్నను లోపలికి పిలిచి ఒక కాగితం ఇచ్చాడు. ఆఫీసు పేరున్న కాగితం మీద టైపు కొట్టించిన ఉత్తరం.

ఆసుపత్రి తొమ్మిది షీట్లూ గీసింది నేను. అందుకు వాడిన ప్రోగ్రాము ఆఫీసు కంప్యూటరులో నా చేత్తో నేనే వేశాను. దాన్ని కొనలేదు. కింద సంతకానికి చోటు. ఆ చోటుకూ కింద, కాగితం అడుగున, తర్వాత గుర్తొచ్చి చేర్చినట్టు ఒక్క లైను: గమనిక, పై విషయం ఇప్పటివరకు ఆఫీసుకు తెలియదు.

“ఊరికే ఒక ఫార్మాలిటీ అనుకో,” అన్నాడు సారు. “నా పేరు మీద పడితే ఆఫీసే మూతపడుతుంది. నువ్వయితే... మహా అయితే మందలిస్తారు.”

“గీసేవాళ్ళ పట్టీలోంచి పేరు తీసేస్తారు కదా సారూ.”

“తీసినా ఏడాదో రెండేళ్ళో. నిన్ను నేను వదిలేస్తానా?”

ఆమోదాల ఆఫీసు దగ్గర గీసేవాళ్ళ పేర్ల పట్టీ ఒకటి ఉంటుంది. అందులో పేరు లేనివాడికి ఏ ఆఫీసూ గీసే పని ఇవ్వకూడదు. పెదనాన్నకు ఇంకో పని రాదు. ఆఫీసుకు తెలియకుండా మోసం చేశాడని రాసి ఉన్న మనిషిని, పేరు మళ్ళీ పట్టీలో ఎక్కినా, ఎవరూ లోపలికి రానివ్వరు. సంతకం పెట్టకపోతే ఆఫీసు ఫైళ్ళన్నీ ఆగుతాయి, అప్పుడూ పని ఉండదు. ఎటు చూసినా పోయేదే. పోతూ పోతూ ఏ మాట మీద పోవాలన్నదొక్కటే ఆయన చేతిలో మిగిలింది.

కాగితం మడిచి ఇంటికి తెచ్చాడు. భోజనాలయ్యాక పెద్దమ్మ ముందు పెట్టాడు. పెద్దమ్మ మందుల షాపులో బిల్లులు రాస్తుంది. డాక్టర్ల చేతిరాత చదివే మనిషి కాబట్టి ఒక్క చూపులో చదివేసింది.

“దీని మీద సంతకం పెడతారా?”

“పెట్టమన్నాడు.”

“ఎవరేది పెట్టమంటే అది పెట్టడమేనా? మీరు జన్మలో ఒక్క కాగితమైనా పూర్తిగా చదివి సంతకం పెట్టారా, చెప్పండి. పెళ్ళిలో కూడా చదవకుండానే పెట్టారు.”

“చదివుంటే పెట్టేవాణ్ణి కాదేమో.”

“అబ్బో, పెద్ద నష్టం మీకు!” అంది పెద్దమ్మ. నవ్వొచ్చే మాటే. ఎవరూ నవ్వలేదు. ఆవిడ నా వైపు తిరిగింది. “ఏరా, ఊరికే ఆ ఫోను గోకుతూ ఉంటావుగా. ఆరోజు ఈయన నొక్కానంటున్నారే, ఆ ఒప్పందమేదో అందులో దొరుకుతుందేమో చూడు. అసలేం రాసుందో తెలుసుకుందాం.”

దొరికింది. చాలా పెద్దది. తలుపు పక్క కుర్చీలో కూర్చుని చదివి, తెలిసినంత వరకు తెలుగులో చెబుతూ పోయాను. పెదనాన్న చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని డాక్టరు ముందు కూర్చున్నట్టు కూర్చున్నాడు. గంట పట్టింది. మధ్యలో ఒక్కచోట ఆపాడు.

“ఆగు. కొన్నా మనది కాదా?”

“కాదు పెదనాన్నా. వాడుకోడానికి అనుమతి మాత్రమే.”

“అద్దెకిచ్చినట్టు.”

“అలాంటిదే.”

“అయితే మేము పంతొమ్మిదేళ్ళు అద్దె కట్టకుండా ఉన్నామన్నమాట.”

“ఉన్నారు.”

“ఇంటివాడెవరో కూడా తెలియకుండా.” తల ఊపాడు. “ఇప్పుడు ఖాళీ చేయమంటున్నారు. సరే. చదువు, ఇంకా ఎంతుంది?”

మిగతాది చదివాను. అయ్యాక ఆయన మొహం చూశాను. బాధపడినట్టు లేదు, కోపం వచ్చినట్టూ లేదు. లేచి మంచినీళ్ళు తాగి, గ్లాసు కడిగి బోర్లించాడు.

“ఇది నేను ఒప్పుకున్నానా?” అన్నాడు.

“బొత్తాం నొక్కారుగా.”

“నొక్కాను,” అన్నాడు. “నొక్కింది నేనే.”

మర్నాడు ఆఫీసులో జరిగింది ఇంజినీరమ్మాయి చూసింది. గడువులో అదే చివరి రోజు. ఉత్తరం మధ్యాహ్నం లోపు వెళ్ళాలి. సారు వాకిట్లో నిలబడి ఫోనులో డాక్టరుకు సర్ది చెబుతున్నాడు. పెదనాన్న తన బల్ల దగ్గరికి వచ్చి, ఉత్తరం పరిచి, అరచేత్తో నిమిరి, మడతలు సాఫు చేశాడు. మొదటి మాట నుంచి మెల్లగా చదివాడు, పెదాలు కదులుతూనే ఉన్నాయట. మొదటి లైను, రెండో లైను, మూడో లైను. గమనిక దగ్గర ఆగాడు. మళ్ళీ చదివాడు.

తర్వాత స్టీలు స్కేలు తీసి గమనికకు కొంచెం పైన ఆనించాడు.

“అంకుల్, ఏం చేస్తున్నారు?” అంది ఆ అమ్మాయి.

“ఆ కొస కాస్త పట్టుకో తల్లీ, జారకుండా.”

ఆమె రెండు వేళ్ళతో నొక్కి పట్టుకుంది. ఒక్క లాగు. అరంగుళం పట్టీ ఊడి కింద పడింది. మిగిలినదాని మీద సంతకం పెట్టాడు, పొడి అక్షరాలు కాదు, పూర్తి పేరు. తీసుకెళ్ళి సారు చేతికిచ్చాడు.

సారు కాగితం చూశాడు. ఆఫీసు కాగితాల పొడవు ఆయనకు కళ్ళకు అలవాటే.

“ఏదో తగ్గినట్టుందే.”

“తగ్గింది సారూ. మిగతాదంతా నిజమే, ఉంచాను.”

“ఏమోయ్...” అన్నాడు సారు.

“మొదటి రోజు స్కేలు కొస పట్టుకుంది మీరే. మీకు గుర్తులేదేమో. నాకుంది.”

మళ్ళీ టైపు కొట్టించి, మళ్ళీ సంతకం అడిగే టైము లేదు. అడిగినా పెట్టడని కూడా సారుకు అర్థమైనట్టుంది. ఆ పొట్టి కాగితమే ఫొటో తీసి పంపించారు.

మూడు వారాలకు జవాబు వచ్చింది. ఆఫీసుకు హెచ్చరిక. ఆసుపత్రి షీట్లు కొన్న ప్రోగ్రాములో మొదట్నుంచీ గీసి పంపాలి. గీసినవారి పేరు పట్టీలోంచి ఏడాదిపాటు తీసివేత. మోసం అన్న మాట ఎక్కడా లేదు. పెదనాన్న ఆ జవాబు రెండుసార్లు పూర్తిగా చదివి, మడిచి పెద్దమ్మకిచ్చాడు. ఆవిడ బీరువాలో పెట్టింది.

గమనిక పట్టీ కూడా ఎప్పటిలాగే ఇంటికొచ్చింది. మామూలు ఉత్తరం కాగితం కాబట్టి బాగా పొట్టిది. పెద్దమ్మ దాని వెనక సబ్బు, అగ్గిపెట్టెలు అని రాసి నాకిచ్చింది, ఇంక చోటు లేదు. కొట్టాయన చీటీ అటూ ఇటూ తిప్పి “ఏంటి, ఈమధ్య సరుకులు తగ్గించేశారు?” అన్నాడు.

నిజమే, తగ్గించాం. పెద్దమ్మ షాపులో సాయంత్రం డ్యూటీ కూడా వేయించుకుంది. నన్ను ఏదైనా చూసుకోమంది. చూసుకుంటున్నాను.

పెదనాన్న ఇంట్లో ఉంటున్నాడు. పొద్దున అదే టైముకు లేస్తాడు, గడ్డం గీసుకుంటాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు, కుర్చీలో కూర్చుంటాడు. టీవీ పెడితే చూస్తాడు, తీసేస్తే మానేస్తాడు. ఎలా ఉంది పెదనాన్నా అని అడిగితే ‘బానే ఉంది’ అంటాడు. బాగా ఉన్నట్టూ అనిపించదు, బాగాలేనట్టూ అనిపించదు. ఆ ముఖంలో ఏదీ గీసి లేదు.

ఆఫీసువాళ్ళు ఒక కంప్యూటరుకు ప్రోగ్రాము కొన్నారు. నెలనెలా కట్టాలట. ఇంజినీరమ్మాయి పాత సంచి తెరవనేలేదు, తెరిస్తే మళ్ళీ అంటుకుంటుంది. మూడు వేల బ్లాకులూ ఆ పాత కంప్యూటరులో అలాగే ఉన్నాయి, పనికిరాకుండా. అన్నీ సున్నా నుంచి మొదలు. గీస్తూ గీస్తూ ఆమె ఆసుపత్రి మెట్ల దగ్గర ఆగిపోయింది. ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చింది.

“అంకుల్, స్ట్రెచరు మెట్ల మలుపులో తిరగడం లేదు.”

“వెడల్పెంత ఇచ్చావ్?”

చెప్పింది.

“చాలదు. పట్టుకునేవాళ్ళు ఇద్దరుంటారు, వాళ్ళ మోచేతులకు చోటు వద్దూ?” పెన్సిలు అందుకుని పాత క్యాలెండరు వెనక గీసి చూపించాడు. మలుపు, మెట్టు ఎత్తు, చేతిపట్టు కడ్డీ. గీసింది ఆమెకిచ్చేశాడు. కింద మూల డబ్బా గీయలేదు. గీసినవారు అన్న గడి లేదు.

పది రోజులకు ఆమె మళ్ళీ వచ్చింది, చంకలో కాగితం చుట్ట. “మెట్లు కుదిరాయి అంకుల్. మొదటి ప్రింటు మీకే చూపించాలని తెచ్చాను,” అని చుట్ట విప్పి మా భోజనాల బల్ల మీద పరిచింది. కొసలు లేవకుండా పెద్దమ్మ నాలుగు గ్లాసులు పెట్టింది.

పెదనాన్న అరచేత్తో కాగితం నిమిరాడు. మెట్లు చూడలేదు. ముందు పై అంచు చూశాడు, తర్వాత కుడి, కింద, ఎడమ. ఏ రాతా లేదు. గీతలు అయిపోయాక తెల్లగా ఖాళీ ఉంది, చుట్టూ. కుడిచెయ్యి స్కేలు కోసం బల్ల మీద కొంచెం కదిలింది. గ్లాసు తగిలితే ఆగిపోయింది.

“ఏంటి అంకుల్, ఏమైనా తప్పుందా?” అంది ఆ అమ్మాయి.

“లేదమ్మా,” అన్నాడు. వేలితో ఆ ఖాళీ అంచు వెంట ఈ మూల నుంచి ఆ మూల దాకా నిమిరాడు. “కాగితం ఇంత పెద్దదని మర్చేపోయాను.”